మా ఆడపడుచు తల లెక్క

మా ఆడపడుచుకి నవ్వు ఎక్కువ. ఎదుటివాళ్ళు తుమ్మినా నవ్వే, గాలికి గొడుగు తిరగబడినా నవ్వే. నవ్వకూడదని ఒట్టు పెట్టుకుంటే ఆ ఒట్టు గుర్తొచ్చి నవ్వే. పెద్దాసుపత్రిలో సీటీ స్కాన్ గదిలో పని తనది. మిషన్ కింద పడుకోబెట్టిన మనిషికి "కదలకండి, ఊపిరి బిగపట్టండి" అని మైకులో చెప్పేది తనే. ఆ గొంతులో దాగిన నవ్వు విని పడుకున్నవాళ్ళకీ నవ్వొచ్చి కదిలిపోతారు. మళ్ళీ మొదటినుంచి తియ్యాలి. డాక్టర్లు కోప్పడితే తల దించుకుని వింటుంది, భుజాలు మాత్రం అదురుతూ ఉంటాయి. ఆసుపత్రిలో అందరూ ఆమెని కిలకిల అంటారు. ఇంట్లో మాకూ అదే అలవాటైపోయింది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నన్ను చూసే నవ్వుతోందనుకుని చాలా రోజులు మూతి ముడుచుకున్నాను. ఆ తర్వాత ఒకసారి వంటింట్లో ఒక్కతే నిలబడి పాలగిన్నెని చూసి నవ్వుతుంటే చూశాను. అప్పటితో నా అనుమానం తీరిపోయింది. పెళ్ళి మాట ఎత్తితే మాత్రం మరీ పగలబడి నవ్వేది. ఆ నవ్వుల్లోనే నలభై దాటింది. మా అత్తగారు అడిగి అడిగి విసిగి ఊరుకున్నారు.

ఆసుపత్రి వెనకవైపు, శవపరీక్షలు చేసే భవనంలో ఒక పెద్ద డాక్టరమ్మగారు ఉన్నారు. రిటైర్మెంటుకి దగ్గర పడిన మనిషి, మాట పొదుపు. దొరికిన ఎముకలు చూసి అవి ఆడవాళ్ళవా మగవాళ్ళవా, ఏ వయసువాళ్ళవి అని పోలీసులకి చెప్పడం ఆవిడ పని. తుంటి ఎముక దొరికితే పని సులువట. పుర్రె ఒక్కటే దొరికితేనే చిక్కు. ఒకసారి ఏదో పునాది తవ్వుతుంటే అలా ఒక్క పుర్రె బయటపడింది. పుస్తకాల్లో ఉన్న లెక్క ప్రకారం కొలిస్తే మగవాడిదని తేలింది. ఆ లెక్క ఎక్కడో వేరే దేశంలో, అక్కడివాళ్ళ తలలు కొలిచి కట్టింది. కొన్ని నెలలకి అదే చోట మిగతా ఎముకలు దొరికాయి. చూస్తే ఆడమనిషి. ఈలోగా పోలీసులు తప్పిపోయిన మగవాళ్ళ కోసమే వెతుకుతూ వచ్చారు. కూతురు కనబడ్డం లేదని స్టేషన్ చుట్టూ తిరుగుతున్న ఒక తల్లికి, ఇది మీ అమ్మాయి కాదమ్మా అని చెప్పి పంపేశారు కూడా.

డాక్టరమ్మగారు ఆ సంగతి మనసులోంచి తీసెయ్యలేకపోయారు. మనవాళ్ళ తలలతో మన లెక్క మనమే కట్టుకోవాలి అని కూర్చున్నారు. అందుకు పుర్రెలు పోగెయ్యక్కర్లేదు. తలనొప్పికో దెబ్బకో స్కాన్ తీయించుకుని, నిక్షేపంగా ఇంటికెళ్ళి తిరుగుతున్నవాళ్ళ బొమ్మలు ఆసుపత్రి కంప్యూటర్లో బోలెడున్నాయి. ఆడో మగో ముందే తెలుసు. పేర్లు తీసేసి నంబర్లు తగిలించి, తెరమీద ఎముక ఒక్కటే కనబడేలా చేసి కొలవాలి. తల పొడవెంత, వెడల్పెంత, ఈ చెంప ఎముక నుంచి ఆ చెంప ఎముకకి ఎంత, చెవి వెనక దిగే బొడిపె ఎత్తెంత, ఇలా. ఒక్కరు కొలిస్తే నమ్మకం ఉండదు. అవే తలలు ఇద్దరు విడివిడిగా కొలవాలి. ఇద్దరి అంకెలూ కలిస్తేనే ఆ కొలతకి విలువ.

మొదటి చెయ్యిగా డాక్టరమ్మగారు కిలకిలని పిలిచారు. స్కాన్ బొమ్మలు తిప్పడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. రెండో చెయ్యి పళ్ళ విభాగంలో కట్టుడు పళ్ళు చేసే ఆయన. అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. ఇప్పుడు పళ్ళ సెట్లు కూడా ముందు కంప్యూటర్లో గీసి చేస్తున్నారట, కాబట్టి దవడలూ ఎముకలూ తెరమీద తిప్పడం ఆయనకీ అలవాటే.

"ఆయన అంకెలు మీరు చూడకూడదు, మీ అంకెలు ఆయన చూడకూడదు" అన్నారట డాక్టరమ్మగారు. "కొలతలు అయిపోయేదాకా ఇద్దరూ తలల గురించి మాట్లాడుకోకూడదు. ముఖ్యంగా మీరమ్మా. మీ నోరు నాకు తెలుసు."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పి, చెప్పలేక, డైనింగ్ టేబుల్ మీద తల వాల్చి నవ్వింది. "అసలాయన ఎవరో కూడా నాకు తెలీదు వదినా. పళ్ళ విభాగం రోడ్డుకి అవతలపక్క. ఆయనతో నేనేం మాట్లాడతాను?"

పొద్దున్న డ్యూటీకి ముందు కిలకిల వెళ్ళి కొలిచేది. సాయంత్రం తన పని ముగించుకుని ఆయన వచ్చేవాడు. ఇద్దరికీ అదే గది, అదే కంప్యూటర్, అదే కుర్చీ. ఆయన పొడగరి అని కిలకిలకి కుర్చీ చెప్పింది. రోజూ ఎక్కి కూర్చుంటే కాళ్ళు నేలకి అందేవి కావు, కిందకి దించుకోవాలి. ఎడంచేతి వాటం అని మౌసు చెప్పింది. రోజూ ఎడంపక్క ఉండేది, కుడిపక్కకి లాక్కోవాలి. మొదటి వారమంతా విసుక్కుంది. "ఎవడమ్మా ఈ తాటిచెట్టు" అని.

తర్వాత ఒకరోజు వచ్చి, చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి దూరింది. "వదినా, ఈవేళ కుర్చీ దించలేదు."

"దించకపోతే ఎలా కూర్చున్నావే?"

"నేను దించలేదు అంటున్నా. వెళ్ళేసరికే నా ఎత్తుకి ఉంది. ఆయనే దించి వెళ్ళాడు."

నేను కూర కలుపుతున్న గరిటె ఆపి ఆమె మొహం చూశాను. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. మర్నాడు తను లేచి వచ్చేటప్పుడు మౌసు తీసి ఎడంపక్క పెట్టి వచ్చిందట. ఆ మర్నాడు చూస్తే కుర్చీ మళ్ళీ తన ఎత్తుకే ఉంది. డాక్టరమ్మగారు తలల గురించి మాట్లాడుకోవద్దన్నారు గాని కుర్చీల గురించి అనలేదుగా అని నాతో వాదించింది. నేను కాదన్నానా?

కొలిచే ముందు ఇంకో పని ఉండేది. బొమ్మని ఒకసారి కంటితో చూసి, ఆడో మగో అంచనా రాయాలి. ఆ తర్వాతే అంకెలు. ఈ అంచనాల దగ్గర కిలకిలకి ఇంకో సరదా దొరికింది. అంతకుముందు ఏడాది స్కూటర్ మీంచి పడితే తనకే తలకీ మొహానికీ స్కాన్ తీశారు. దెబ్బేం లేదు. డాక్టరమ్మగారు స్టాఫ్‌లో ఎవరైనా తమ స్కాన్ ఇస్తారా అని అడిగితే తనే ముందు సంతకం పెట్టి ఇచ్చేసింది. అంటే ఆ నంబర్లలో ఎక్కడో తన తల కూడా ఉంది. ఎక్కడుందో తెలీదు.

"ఈవేళ నేను దొరికాననుకుంటా వదినా" అని వచ్చేది. మర్నాడు "కాదు, నిన్నటిది నేను కాదు, ఇవాల్టిది" అనేది. చివరికి ఒక తల దగ్గర స్థిరపడింది. నున్నటి నుదురట, చిన్న దవడట, చెంపలు ఎవరో ఉలితో చెక్కినట్టున్నాయట. దానికి రాణీగారు అని పేరు పెట్టుకుంది. కంటి అంచనాలో ఆడ అని రాసి, ఇంకో రెండుసార్లు తిప్పి చూసుకుని మరీ వచ్చింది. మా అత్తగారు, "మా వైపు అందరికీ అలాంటి చెంపలే" అన్నారు గర్వంగా. ఆ వారంలోనే ఇంకో తల తగిలింది. కనుబొమల దగ్గర గట్టులా ఎత్తు, చెవి వెనక బొడిపెలు బొటనవేళ్ళంత లావు. "వీడెవడో వస్తాదు వదినా, మెడ కూడా స్తంభంలా ఉండి ఉంటుంది" అని, తల విదిలిస్తూ గదంతా వస్తాదులా నడిచి చూపించింది. అంచనా మగ అని రాసేసింది.

సగం తలలు అయ్యాక డాక్టరమ్మగారు ఇద్దరి అంకెలూ పక్కపక్కన పెట్టి చూశారు. అన్నీ కలిశాయి. మిల్లీమీటరు కూడా తేడా లేదన్నట్టు కలిశాయి. ఒక్క చెవి వెనక బొడిపె మాత్రం కలవలేదు. ప్రతి తలకీ కిలకిల అంకె ఎక్కువ, ఆయన అంకె తక్కువ. ఎవరిది తప్పో తేల్చడానికి ఇద్దర్నీ ఒకేసారి గదికి రమ్మన్నారు.

ఆ రోజు కిలకిల చీరలు మూడు మార్చింది. నేను లెక్కపెట్టాలని పెట్టలేదు, మంచం మీద గుట్ట కనబడింది.

అక్కడ జరిగింది తను చెప్పినదాన్నిబట్టి చెప్తున్నాను. ఆయన తలుపు దగ్గర కాస్త వంగి లోపలికొచ్చాడట. పలచటి జుట్టు, చొక్కా జేబు దగ్గర పళ్ళ అచ్చులు పోసే తెల్లపొడి మరక. నమస్కారం పెట్టి, "కుర్చీ..." అని ఆగిపోయాడట. ఈవిడ "మౌసు..." అని ఆగిపోయిందట. డాక్టరమ్మగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఆ రెండూ బాగానే ఉన్నాయి. బొడిపె సంగతి చూడండి" అన్నారట.

ఆయన ముందు కొలిచాడు. ఒక తలని తెరమీదకి తెచ్చి, తిప్పి, సరిచేసి, చుక్కలు పెట్టబోతుంటే డాక్టరమ్మగారు ఆపారు.

"తలని దేనికి సరిచేశారు?"

"పై పళ్ళూ కింది పళ్ళూ ఆనుకునే గీతకండి."

"మీరు కట్టుడు పళ్ళు చేసేటప్పుడు అది. ఇక్కడ కంటిగూటి అడుగు అంచూ, చెవి రంధ్రం పై అంచూ ఒక గీత మీదకి రావాలి. మొదటిరోజే చెప్పాను."

"చెప్పారండి. చెయ్యి అలవాటు కొద్దీ అటు పోయింది."

కిలకిల అప్పటికి లోపల ఉబ్బిపోతోంది, గెలిచానని. డాక్టరమ్మగారు ఇటు తిరిగి, "మీరు కొలవండి" అన్నారు. ఈవిడ కొలిచింది. "ఎముక చివర ఎక్కడుంది? మీరు చుక్క ఎక్కడ పెట్టారు? అది గాలిలో ఉందమ్మా" అన్నారు.

ఇద్దరిదీ తప్పే. ఒకరిది ఒకవైపు, ఇంకొకరిది ఇంకోవైపు. కిలకిలకి ఇంక ఆగలేదు. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుందామంటే చీరలో ఉంది. కొంగు వెతుక్కునేలోగా నవ్వు బయటికొచ్చేసింది. ఆయన ఓ క్షణం బిత్తరపోయి, తర్వాత ఆయనా నవ్వాడట. పళ్ళ విభాగంలో ఎవరూ విని ఎరగని నవ్వు, పాత మోటారు అందుకున్నట్టు ముందు రెండు దగ్గులు, ఆ తర్వాత ధారగా. ఇద్దరూ ఒకర్ని చూసి ఒకరు ఆపలేకపోయారు. డాక్టరమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారట. "అయ్యాక చెప్పండి. అన్ని బొడిపెలూ మళ్ళీ కొలవాలి" అన్నారట.

మళ్ళీ కొలిచారు, విడివిడిగానే. కానీ ఈసారి ఆయన కాస్త ముందొచ్చేవాడు, ఈవిడ డ్యూటీ అయ్యాక ఇంటికి కాస్త ఆలస్యంగా బయల్దేరేది. మెట్ల కింద టీ బండి దగ్గర కలుసుకునేవారు. తలల గురించి మాట్లాడకూడదు కాబట్టి మిగతా లోకమంతా మాట్లాడుకున్నారు. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయిందని, పిల్లలు లేరని, ఇంట్లో ఒక్కడే రేడియో పెట్టుకుని దానితో వాదిస్తాడని అప్పుడే తెలిసింది. ఈవిడ ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. మొత్తానికి ఇంట్లో పాటలు ఎక్కువయ్యాయి. రాని పాటలు.

లెక్క తేలిన రోజు డాక్టరమ్మగారు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. కొత్త లెక్క బాగా పనిచేస్తోంది. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందిని సరిగ్గా చెబుతోంది. మిగిలినవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, ఎముక అందరికీ ఒకేలా పెరగదు, అందుకే రిపోర్టులో ఎప్పుడూ "అయ్యే అవకాశం ఎక్కువ" అనే రాయాలి, "ఖాయం" అని రాయకూడదు. అంతా చెప్పి కిలకిల వైపు చూశారు.

"మీ తల ఏదో తెలుసుకోవాలని ఉందా?"

"నాకు తెలుసు మేడమ్" అని రాణీగారి నంబరు చెప్పింది.

"అది ఎవరిదో చెప్పకూడదు. మగవాడిదని మాత్రం చెప్పగలను."

డాక్టరమ్మగారు కంప్యూటర్లో ఇంకో తలని తెచ్చారు. కనుబొమల గట్టు, బొటనవేళ్ళంత బొడిపెలు. వస్తాదు.

"ఇది మీరు. లెక్క మిమ్మల్ని మగ అంది. కంటి అంచనాలో మీరు కూడా మగ అనే రాసుకున్నారు."

పక్కన కూర్చున్న ఆయన చిన్నగా దగ్గాడట.

"ఈయన మాత్రం ఆడ అని రాశారు" అన్నారు డాక్టరమ్మగారు.

కిలకిల నేలమీద కూర్చుండిపోయింది. కుర్చీలోంచి జారి, బీరువాకి ఆనుకుని, కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు కారిపోతుంటే నవ్వింది. కాసేపటికి ఊపిరి తీసుకుని, "ఎలా తెలిసిందండీ?" అని అడిగింది.

"తెలియలేదండీ" అన్నాడాయన. "నుదురు చూస్తే మగవాడే అనిపించింది. బొడిపె చూసినా అంతే. కానీ కంటిగూటి పై అంచు పల్చగా, పదునుగా ఉంది. గడ్డం చివర కూడా సన్నం. ఎటూ తేల్చుకోలేక ఆ బొమ్మ ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆఖరికి ఆడ అని రాశాను. ఇందులో నా గొప్పేం లేదు. ఇంకొందరు ఆడవాళ్ళని మగ అని రాసి తప్పాను కూడా."

ఆ కబురు ఇంటికి చేరాక మా ఇంట్లో వారం రోజులు పని సాగలేదు. నేను ఊరుకుంటానా? "ఇన్నేళ్ళూ ఆడపడుచువనుకున్నాను, మరిదివన్నమాట. మరిదిగారూ, మంచినీళ్ళు కావాలా" అన్నాను. మా ఆయన "తమ్ముడూ, బండి తాళాలు చూశావా" అని మొదలుపెట్టాడు. కిలకిల లేని మీసం మెలేసి "వస్తున్నా అన్నయ్యా" అనేది. మా అత్తగారు ఒక్కరే మండిపడ్డారు.

"ఏ లెక్కే అది? కన్నదాన్ని నేను. నన్నడిగితే చెప్పనా?"

"అమ్మా, పుర్రె దొరికినప్పుడు పక్కన కన్నతల్లి ఉండదుగా" అంది కిలకిల.

"ఉండకపోతే మాత్రం?" అని ఆవిడ కాసేపు గొణిగారు. గొణిగి గొణిగి ఉన్నట్టుండి ఆగారు. "సరిగ్గా రాసినవాడు ఒక్కడున్నాడన్నావే. ఎవడు?"

కిలకిల చెప్పింది.

"అతన్ని భోజనానికి పిలువు" అన్నారు అత్తగారు.

ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. మా గుమ్మం దగ్గరా వంగాడు, అయినా నుదురు తగిలింది. అత్తగారు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"మా అమ్మాయి తలలో ఏం చూశావు నాయనా?"

"కంటిగూటి అంచండి."

"అంతేనా?"

"అప్పటికి అంతే కనబడిందండి" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మిగతాది టీ బండి దగ్గర చూశాను."

అత్తగారు నా వైపు తిరిగి, గుసగుస అనుకుంటూ గట్టిగానే అన్నారు, "అబద్ధం ఆడడు" అని. వడ్డించమన్నారు.

భోజనాలయ్యాక ఆయనా కిలకిలా బాల్కనీలోకి వెళ్ళారు. నేను గిన్నెలు కడుగుతున్నాను. కాసేపటికి నాకు ఏదో తేడాగా అనిపించింది. ఏమిటా అని చెయ్యి ఆపి విన్నాను. చప్పుడు లేదు. బాల్కనీలోంచి నవ్వు వినబడ్డం లేదు. ఈ ఇంటికొచ్చాక అంతసేపు ఆమె నవ్వకుండా ఉండటం నేను ఎరగను. కంగారుపడి తడిచేతులతోనే తలుపు దాకా వెళ్ళాను. ఇద్దరూ రెయిలింగు పట్టుకుని పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఆయన ఏదో అడిగినట్టున్నాడు. ఆమె రోడ్డు వైపు చూస్తూ నిలబడింది, మొహం నిండా ఆలోచన. తర్వాత తల ఊపింది. ఊపిన మరుక్షణం లోపల ఎక్కడో కట్ట తెగినట్టు నవ్వు మొదలైంది. దానికి ఆయన మోటారు జతకలిసింది. పక్కింటివాళ్ళు కిటికీ తీసి చూశారు.

రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి. సంతకం పెడుతూ నవ్వినందుకు కిలకిల సంతకం వంకరపోయింది, ఆ గుమస్తా మళ్ళీ పెట్టించాడు. డాక్టరమ్మగారు సాక్షిగా వచ్చి, అందరికంటే స్పష్టంగా సంతకం పెట్టి, ఉన్నపళాన ఆసుపత్రికి వెళ్ళిపోయారు.

తర్వాత ఆవిడ దవడ ఎముక మీద ఇంకో పరిశోధన మొదలుపెట్టారు. ఇద్దరూ ఉత్సాహంగా వెళ్ళారు. ఆవిడ ఒక్కరినే తీసుకుంటానన్నారు.

"మొగుడూ పెళ్ళాలు విడివిడి చేతులు కారు. ఇంట్లో మాట్లాడుకుంటారు."

"మాట్లాడుకోం మేడమ్" అంది కిలకిల.

"మీరా?" అన్నారట ఆవిడ. ఆ గదిలో ఆవిడ నవ్వడం చూశామని ఇద్దరూ ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతారు. ఎవరూ నమ్మరు.

దవడలు ఆయన రంగం కాబట్టి ఆయన్నే పంపి, కిలకిల తన స్కాన్ గదిలో ఉండిపోయింది. కొత్త లెక్క పుస్తకంలో అచ్చయింది, పోలీసుల నుంచి వచ్చే పుర్రెలకి ఇప్పుడు అదే వాడుతున్నారు. వాళ్ళుండేది మా వీధి చివర మేడమీద రెండు గదుల్లో. ఆదివారాలు భోజనం ఇక్కడే. ఈవేళా ఆదివారమే. వంటయింది, మా అత్తగారు ఇప్పటికి నాలుగుసార్లు కిటికీలోంచి చూశారు. ఇంకా మెట్లెక్కలేదు, కింద గేటు దగ్గర ఆగి ఇద్దరూ నవ్వుతున్నారు. ఏమైందో పైకొచ్చాక చెబుతారు, చెప్పగలిగితే.